జన్మ నక్షత్రం పేరు తెలుసు, ఆకాశంలో అది ఏ చుక్కో తెలియదు: పాఠ్యపుస్తక రచయితలకు, పంచాంగకర్తలకు, నక్షత్రశాలల నిర్వాహకులకు, పత్రికా సంపాదకులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

మన ఇళ్లలో బిడ్డకు పేరు పెట్టకముందే నక్షత్రం రాస్తారు. గుడిలో అర్చన చేయించేటప్పుడు గోత్రం తర్వాత నక్షత్రం చెబుతాం. ముహూర్తానికీ నక్షత్రమే, విత్తనం వేయడానికీ నక్షత్రం పేరున్న కార్తే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, మృగశిరలో ముంగిళ్లు చల్లబడతాయని బడికి వెళ్లని వాళ్లూ చెప్పగలరు. ఇన్ని పేర్లు నోటికొచ్చిన జనంలో "మరి మీ నక్షత్రం ఏది, వేలెత్తి చూపించండి" అంటే చూపించగలిగేవాళ్లు ఊరికి ఒకరిద్దరు కూడా దొరకడం లేదు. పేరు మిగిలింది, చుక్క పోయింది.

ఈ మాటే ఇదివరకు విడివిడిగా వినతులుగా రాశాం. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం. మేం అడుగుతున్నది ఎవరి నమ్మకాన్నీ మార్చుకోమని కాదు. ముందు వాస్తవాలు చెబుతాం, ఆ తర్వాత కోరికలు.

1. ఒకే చుక్కకు తెలుగులో మూడు నాలుగు రాతలు ఉన్నాయి. బెటెల్‌గ్యూస్, బీటిల్‌జ్యూస్, బెటల్‌గీజ్ అని ఎవరికి తోచినట్టు వారు రాస్తున్నారు. చదివిన పిల్లవాడికి ఇవి మూడు వేరు వేరు నక్షత్రాలు అనిపిస్తాయి. ఎక్కువమంది ఆ చుక్కనే ఆరుద్రగా గుర్తిస్తున్నారని, అమ్మమ్మ చెప్పే ఆరుద్ర కార్తెలోని ఆరుద్ర అదేనని ఒక్క మాట పక్కన ఉండదు. 2019 చివర్లో ఆ నక్షత్రం మసకబారడం మొదలైంది. మామూలుగా 0.5 ప్రాంతంలో ఉండే ప్రకాశ పరిమాణం 2020 ఫిబ్రవరి నాటికి 1.6 దాకా పడిపోయింది. ఈ లెక్కలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. పరికరం ఏదీ లేకుండా డాబా మీద నిలబడి చూడదగ్గ వింత అది. "ఆరుద్ర మసకబారుతోంది, చూడండి" అని ఉంటే పొలంలో ఉన్న రైతూ తలెత్తి చూసేవాడు.

అలాగని పరాయి పేర్లు చిన్నవని మేం అనడం లేదు. వాటి వెనక పెద్ద చరిత్రే ఉంది. క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలెమీ వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక రాశాడు. 964 ప్రాంతంలో పర్షియా పండితుడు అల్ సూఫీ ఆ పట్టికను సరిచూసి, దానికి అరబ్బుల సొంత పేర్లను జోడించాడు. ఆ అరబ్బీ పేర్లు లాటిన్‌లోకి వెళ్లి, అక్కడ నలిగి, ఇంగ్లిష్ మీదుగా మనకు చేరాయి. బెటెల్‌జ్యూస్ మొదట్లో యద్ అల్ జౌజా, అంటే జౌజా అనే మూర్తి చెయ్యి. అరబ్బీ లిపిలో 'య'కూ 'బ'కూ తేడా చుక్కల్లోనే ఉంటుంది. ఎత్తి రాసేవాడి పొరపాటుతో ఒక చుక్క తగ్గి 'య' కాస్తా 'బ' అయింది. ఆ తప్పే ఇప్పుడు ప్రపంచమంతా వాడే పేరు. ఆల్డెబరాన్ అంటే వెంట వచ్చేది. కృత్తికల వెనక ఉదయిస్తుంది కాబట్టి ఆ పేరు. మనం కృత్తిక తర్వాత రోహిణి అని చదివే వరసలో ఉన్నదీ అదే. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే ఇక మరచిపోరు.

2. కార్తెకూ నక్షత్ర దర్శనానికీ ఉన్న సంబంధం తలకిందులుగా అర్థమవుతోంది. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్ర భాగంలో ఉండే 13, 14 రోజులు. సూర్యుడు అక్కడ ఉన్నాడంటే ఆ చుక్క పగటి వెలుగులో మునిగి ఉందని అర్థం. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది. మే 31, జూన్ 1 నాటికి సూర్యుడు సరిగ్గా రోహిణి దగ్గరే ఉంటాడు. ఆ కార్తెలో రోహిణిని చూపించమని పిల్లలకు కృత్యం ఇస్తే ఎంత వెతికినా దొరకదు. దొరకనప్పుడు పిల్లవాడు తన కళ్లను అనుమానిస్తాడు గానీ కృత్యాన్ని అనుమానించడు. రోహిణి రాత్రంతా కనబడేది ఆరు నెలల తర్వాత, డిసెంబరు మొదట్లో.

3. పంచాంగంలోని నక్షత్రం వేరు, ఆకాశంలోని చుక్క వేరు. ఈ సంగతి ఎక్కడా రాయకపోవడం మిగతా గందరగోళాలన్నిటికీ మూలం కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

ఆకాశంలో సూర్యుడు ఏడాదిలో నడిచే దారి క్రాంతివృత్తం. దాని 360 డిగ్రీలను 27 సమభాగాలు చేస్తే ఒక్కో భాగం 13 డిగ్రీల 20 కళలు (డిగ్రీకి 60 కళలు). పంచాంగంలో "నేడు స్వాతి" అంటే చంద్రుడు స్వాతి అనే ఆ భాగంలో ఉన్నాడని మాత్రమే. ఇక ఒక్కో నక్షత్రానికి గుర్తుగా ప్రాచీనులు ఎంచుకున్న ముఖ్యమైన చుక్క యోగతార. ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం యోగతారల స్థానాలను అంకెల్లో ఇచ్చింది: చిత్ర (మన చిత్త) 180 డిగ్రీలు, దక్షిణంగా 2, మఖ 129 డిగ్రీలు, విక్షేపం (క్రాంతివృత్తం నుంచి పక్కకు ఉన్న దూరం) సున్నా, స్వాతి 199 డిగ్రీలు, ఉత్తరంగా 37. అంత ఉత్తరాన ఉన్న స్వాతి దగ్గరికి చంద్రుడు ఏనాడూ రాడు, ఎందుకంటే అతని దారి క్రాంతివృత్తానికి సుమారు 5 డిగ్రీలకు మించి పక్కకు పోదు. "నేడు స్వాతి" అని పంచాంగంలో చూసి చంద్రుడి పక్కన ఉన్న చుక్కే స్వాతి అనుకున్నవాళ్లు ప్రతిసారీ వేరే చుక్కను చూస్తున్నారు.

అంతకన్నా చిక్కు ఇంకొకటి ఉంది. మార్చిలో రాత్రీ పగలూ సమానమయ్యే నాడు సూర్యుడు ఉండే చోటు విషువు. అక్కడి నుంచి కొలిచే లెక్కకూ, చుక్కల మీద ఆధారపడ్డ నిరయన లెక్కకూ ఉన్న తేడా అయనాంశ. ఇప్పుడు ఎక్కువమంది వాడే చిత్రపక్ష (చిత్తను 180 డిగ్రీల దగ్గర పెట్టే) అయనాంశతో లెక్కవేస్తే బెటెల్‌జ్యూస్ నిరయన రేఖాంశం సుమారు 65 డిగ్రీలు. ఆరుద్ర భాగం మొదలయ్యేది 66 డిగ్రీల 40 కళల దగ్గర. అంటే ఆరుద్ర చుక్క మృగశిర భాగంలో ఉంది. జ్యేష్ఠ చుక్క, అంటే యాంటారిస్, అనూరాధ భాగం చివర పడుతుంది. శ్రవణం చుక్క ఆల్టేర్ ఉత్తరాషాఢ భాగంలో, స్వాతి చుక్క ఆర్క్‌ట్యూరస్ చిత్త భాగంలో. ఇందులో ఎవరి తప్పూ లేదు. చుక్కలు సమాన దూరాల్లో ఉండవు, భాగాలు సమానం. రెండింటికీ ఒకే పేరు పెట్టుకున్నాం కాబట్టి ఎక్కడ ఏ అర్థంలో వాడుతున్నామో చెప్పి తీరాలి.

4. ఏ చుక్క ఏ యోగతార అన్నదానిలో అన్నీ తేలిపోలేదు. తేలని వాటిని తేలినట్టు అచ్చు వేస్తున్నారు. రోహిణి, మఖ, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, శ్రవణం విషయంలో తగవు లేదు. ఆరుద్రకు మాత్రం సూర్యసిద్ధాంతం ఇచ్చిన దక్షిణ విక్షేపం 9 డిగ్రీలు, బెటెల్‌జ్యూస్ చూస్తే 16 డిగ్రీల దక్షిణాన ఉంది. 1860లో సూర్యసిద్ధాంతాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన బర్జెస్ కూడా ఇక్కడ ఆగి తర్జనభర్జన పడ్డాడు. విశాఖకు కొందరు ఆల్ఫా లిబ్రే అంటారు, కొందరు ఐయోటా లిబ్రే అంటారు. ఉత్తరాభాద్రకు గామా పెగాసీయా, ఆల్ఫా ఆండ్రోమెడేయా అన్నదీ అంతే. "ఎక్కువమంది దీన్ని ఈ చుక్కగా గుర్తిస్తున్నారు" అని రాస్తే సరిపోయే చోట "ఇదే" అని కొట్టిపారేయడం శాస్త్రం కాదు, సంప్రదాయమూ కాదు.

5. లెక్క ఏ చుక్క నుంచి మొదలవుతుందో చెప్పకపోతే తేదీలు మారిపోతాయి. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చింది. చిత్ర 180 డిగ్రీల దగ్గర ఉన్నట్టు లెక్క పెట్టి, 1956 మార్చి 21 నాటికి అయనాంశం 23 డిగ్రీల 15 కళలు అని నిర్ణయించింది. అలా కాకుండా రేవతి యోగతార నుంచి సున్నా మొదలుపెడితే సుమారు 4 డిగ్రీల తేడా వస్తుంది. సూర్యుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ నడుస్తాడు కాబట్టి కార్తెలు నాలుగు రోజులు అటో ఇటో జరుగుతాయి. రేవతి యోగతారగా చెప్పే జీటా పీషియం ప్రకాశ పరిమాణం 5.2. పట్నంలో దాన్ని చూడటం అయ్యే పని కాదు. చిత్త ఒకటో తరగతి చుక్క, ఎవరైనా చూసి సరిచూసుకోవచ్చు.

రైతులు గమనించాల్సిన సంగతి కూడా ఇందులో ఉంది. విషువు వెనక్కి జరగడం వల్ల కార్తెలు రుతువులతో పోలిస్తే 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఆలస్యమవుతూ వస్తాయి. తరం రెండు తరాల్లో తెలియదు, వెయ్యేళ్లకు రెండు వారాలు అవుతుంది. ప్రాచీన గ్రంథమైన వేదాంగ జ్యోతిషం నాటికి ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో వచ్చేది. ఇప్పుడు డిసెంబరు 22న సూర్యుడు మూల భాగంలో ఉంటున్నాడు. పాత సామెతను చెప్పినప్పుడు ఈ జరుగుడు కూడా చెప్పాలి.

6. ధనిష్ఠ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక మాట. ఆల్టేర్‌కు ఈశాన్యంగా చిన్న గాలిపటంలా నాలుగు చుక్కలు దగ్గరగా ఉంటాయి, అదే ధనిష్ఠ. వాటిలో యోగతారగా చెప్పే బీటా డెల్ఫినికి అంతర్జాతీయ ఖగోళ సంఘం జాబితాలో ఉన్న పేరు రొటానెవ్. పక్కనున్న ఆల్ఫా డెల్ఫిని పేరు సువలోసిన్. ఇవి ఏ భాషలోనూ అర్థం ఉన్న మాటలు కావు. 1814లో ఇటలీలోని పలెర్మో వేధశాల పట్టికలో ఈ పేర్లు మొదటిసారి కనబడ్డాయి. తిరగేసి చదివితే నికొలావుస్ వెనాటర్. అక్కడ సహాయకుడిగా పనిచేసిన నికొలో కచ్చియాతోరె పేరుకు అది లాటిన్ రూపం. వేదాంగ కాలం నుంచి ఉన్న పేరు మన పిల్లలకు తెలియకుండా పోయి, రెండు వందల ఏళ్ల కిందటి ఒక ఉద్యోగి పేరు తిరగేసి రాసింది మాత్రం అచ్చయిపోతోందంటే బాధగా ఉంది.

అయినా ఆ తలుపు మూసుకుపోలేదు. 2016లో ఆ సంఘం ఏర్పరచిన నామకరణ బృందం నాలుగు వందల యాభైకి పైగా పేర్లను ఖాయం చేసింది. జీటా పీషియంకు రేవతి, 41 ఏరియెటిస్‌కు భరణి, ఎప్సిలాన్ హైడ్రేకు ఆశ్లేష అన్న పేర్లు అందులో ఉన్నాయి. అవి అంతర్జాతీయ వాడుకలో గందరగోళం రాకుండా పెట్టిన పేర్లే గానీ ఏ జాతి తన పేరును తాను వాడుకోవడానికీ అడ్డు కాదు.

7. జేబుకు చిల్లు పడే సంగతి కూడా ఉంది. పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు "మీ పేరు ఒక నక్షత్రానికి పెట్టిస్తాం" అని డబ్బు తీసుకుని ప్రశంసాపత్రం పంపే వ్యాపారాలు నడుస్తున్నాయి. ఆ కాగితానికి ఖగోళశాస్త్రంలో ఏ విలువా లేదు, అంతర్జాతీయ ఖగోళ సంఘం పేర్లను అమ్మదు. సొంత నక్షత్రాన్ని గుర్తుపట్టడం బడిలోనే నేర్పి ఉంటే ఈ కాగితాల కోసం ఎవరూ డబ్బు పోయరు.

ఇక మా కోరికలు. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

1. పాఠ్యపుస్తక రచయితలు నక్షత్రం మొదటిసారి వచ్చిన చోట మూడు పేర్లూ ఒకే వరసలో ఇవ్వాలి: తెలుగు పేరు, అంతర్జాతీయ పేరు, బేయర్ గుర్తు (మండలం పేరుకు ముందు ఆల్ఫా, బీటా లాంటి గ్రీకు అక్షరం చేర్చిన పేరు). ఉదాహరణకు, రోహిణి, ఆల్డెబరాన్, ఆల్ఫా టారి. తెలుగు రూపాల్లో పుబ్బ, మఖ, చిత్త, పుష్యమి లాంటి ఇంటి మాటలకే మొదటి స్థానం ఇవ్వాలి, పూర్వఫల్గుని లాంటివి పక్కన ఉండొచ్చు. లుబ్ధకం అంటే సిరియస్, అగస్త్య అంటే కనోపస్, బ్రహ్మహృదయం అంటే కపెల్లా, అభిజిత్తు అంటే వేగా అన్నవీ చేర్చాలి. రెండు రాష్ట్రాల పుస్తకాల్లోనూ రాత ఒకటే ఉండాలి. ఇందుకు ఒకే పట్టిక చాలు, నాలుగు పేజీలకు మించదు.

2. పరిశీలన కృత్యాలు పట్నం పిల్లలకూ కుదిరేలా ఉండాలి. 27లో ఎనిమిది యోగతారలు వీధిదీపాల వెలుగులోనూ కనబడతాయి. రాత్రి తొమ్మిదింటికి ఇవి బాగా ఎత్తున ఉండే కాలం: రోహిణి, ఆరుద్ర జనవరిలో, పునర్వసు ఫిబ్రవరి చివర, మఖ ఏప్రిల్‌లో, చిత్త మే చివర, స్వాతి జూన్‌లో, జ్యేష్ఠ జులైలో, శ్రవణం సెప్టెంబరు మొదట్లో. ఆగస్టులో అభిజిత్తు అదనం. చూపే పద్ధతి కూడా రాయాలి. జనవరి మధ్యలో ఒరాయన్ (వేటగాడి మండలం) నడికట్టులోని మూడు చుక్కలతో మొదలుపెట్టాలి. ఆ గీతను వాయవ్యానికి పొడిగిస్తే ఎర్రటి రోహిణి, ఇంకాస్త ముందుకు పోతే కృత్తిక. ఆగ్నేయానికి పొడిగిస్తే ఆకాశంలోకెల్లా వెలుగైన లుబ్ధకం. నడికట్టుకు ఉత్తరాన ఎర్రగా ఉన్నది ఆరుద్ర. ముందు పది నిమిషాలు చీకట్లో ఉండి కళ్లు అలవాటు చేసుకోవాలి, చేతిలో ఫోను వెలిగితే మళ్లీ మొదటికొస్తుంది.

ధ్రువుణ్ణి చూపేటప్పుడు ఎత్తు చెప్పకపోవడం చాలాచోట్ల జరిగే లోపం. ధ్రువనక్షత్రం మన ఊరి అక్షాంశం ఎంతో అంత ఎత్తులోనే ఉంటుంది: తిరుపతిలో 13, 14 డిగ్రీలు, విజయవాడలో 16, 17, హైదరాబాదులో 17, శ్రీకాకుళంలో 18. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అడ్డంగా పది డిగ్రీలు. అంటే దిగంతం నుంచి ఒకటిన్నర, రెండు పిడికిళ్లు. ఎదురుగా మేడ ఉంటే కనబడదు. అది అంత వెలుగైనదీ కాదు. ఆకాశంలో అన్నిటికన్నా వెలిగేది ధ్రువుడే అనుకుని వెతికేవాళ్లకు నిరాశే.

3. పంచాంగకర్తలకు మా మనవి. ఏ అయనాంశ వాడారో మొదటి పేజీలో అంకెతో సహా వేయండి. 27 నక్షత్రాల పట్టికకు ఒక్క వరస చేర్చి, ఎదురుగా యోగతార పేరూ, అది సాయంత్రం కనబడే నెలా ఇవ్వండి. మాసాల పేర్లకు మూలం పౌర్ణమి నాటి చంద్రుడి స్థానం. కార్తీక పౌర్ణమికి కృత్తిక దగ్గర, చైత్ర పౌర్ణమికి చిత్త దగ్గర. ఈ ఒక్క వాక్యం ఆయా పౌర్ణముల దగ్గర అచ్చయితే లక్షల ఇళ్లకు చేరుతుంది. పౌర్ణమి వెన్నెల్లో కృత్తికలు వెలవెలబోతాయి కాబట్టి నాలుగైదు రోజుల తర్వాత చంద్రుడు ఉదయించకముందు చూడమని కూడా రాయండి.

4. పెళ్లి చేయించే పురోహితులకూ ఈ లేఖ చేరాలి. అరుంధతి సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కనే, 12 కళల దూరంలో ఉంది. వసిష్ఠుడు అంటే మిజార్, అరుంధతి అంటే ఆల్కార్. పగటి ముహూర్తంలోనూ, సప్తర్షులు దిగంతం కింద ఉన్న వేళలోనూ వధూవరులు ఏమీ లేని చోటుకు చూస్తున్నారు. ఆ పూట కనబడకపోతే, ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన ఎత్తుగా ఉంటుంది, అప్పుడు ఇద్దరూ కలిసి చూడండి అని చెప్పండి. ఆచారానికి లోటు రాదు.

5. నక్షత్రశాలల నిర్వాహకులు తెలుగు ప్రదర్శనల్లో వ్యాఖ్యానం ఇంగ్లిష్ పేర్లతోనే నడపకుండా పైన చెప్పిన పట్టికను వాడాలి. పత్రికలూ చానళ్లూ వార్త రాసేటప్పుడు తెలుగు పేరు శీర్షికలోనే పెట్టాలి. రాశి అన్న మాటనూ నక్షత్రమండలం అన్న మాటనూ కలపకూడదు. వృశ్చికరాశి 30 డిగ్రీల భాగం. వృశ్చిక మండలం 88 మండలాల్లో ఒకటి, దాని సరిహద్దులు వేరు.

6. ఊళ్లలో మిగిలిన పేర్లను ఇప్పుడే సేకరించాలి. పిల్లలకోడి అంటే కృత్తికలని చాలామందికి తెలుసు. తల్లికోడి చుట్టూ పిల్లలు చేరినట్టు ఉండే గుంపును ఒక్కసారి చూస్తే ఇంకే వివరణా అక్కర్లేదు. గొల్లకావడి సంగతి అంత సులువు కాదు. మధ్యన ఒకటి, అటూ ఇటూ రెండు ఉన్న వరస ఒరాయన్ నడికట్టులోనూ ఉంది, శ్రవణం దగ్గరా ఉంది. అందుకని సేకరించేవాళ్లు పేరొక్కటే రాసుకొస్తే పని వృథా. చెప్పినవారు ఏ ఊర్లో, ఏ నెలలో, రాత్రి ఎన్ని గంటలకు, ఏ దిక్కుకు వేలు చూపించారో నాలుగూ రాయాలి. ఆ నాలుగూ ఉంటే ఎన్నేళ్ల తర్వాతైనా అది ఏ చుక్కో తేల్చుకోవచ్చు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలూ భౌతికశాస్త్ర శాఖలూ కలిసి చేయాల్సిన పని ఇది. వేటకు వెళ్లే మత్స్యకారుల దగ్గర, మందను రాత్రిళ్లు మేపే గొల్లల దగ్గర మొదలుపెట్టాలి. ఇప్పుడు పడవలో దారి చూపేది ఫోను కాబట్టి ఈ పేర్లు తెలిసిన చివరి తరం అరవై దాటింది.

7. యోగతారల్లో తేలని వాటికి పండితులూ ఖగోళ శాస్త్రజ్ఞులూ కలిసి కూర్చున్న సంఘం ఒకటి ఉండాలి. తేలినవి, తేలనివి విడివిడిగా ప్రకటించాలి. ఈ నేలకు ఆ అనుభవం కొత్త కాదు. హైదరాబాదులో నిజామియా వేధశాల ప్రపంచవ్యాప్త నక్షత్రపట పథకంలో పాలుపంచుకుని, తన వంతుకు వచ్చిన మండలాల్లో లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లోనే సొంత వేధశాల నడిపాడు.

పైన అడిగిన పట్టిక ముసాయిదా సిద్ధం చేసి ఇవ్వడానికీ, తప్పులుంటే మీ ముందే దిద్దుకోవడానికీ మేం సిద్ధంగా ఉన్నాం. వచ్చే విద్యాసంవత్సరం పుస్తకాలు అచ్చుకు వెళ్లేలోగా, వచ్చే ఉగాది పంచాంగాల ప్రతులు ఖాయమయ్యేలోగా మీ నిర్ణయం తెలపండి. కుదరదంటే ఎందుకు కుదరదో బహిరంగంగానే చెప్పండి.

ఇట్లు,
పిల్లలకూ పెద్దలకూ ఆకాశం చూపించే పనిలో ఉన్న తెలుగు ఉపాధ్యాయులు, ఔత్సాహిక పరిశీలకులు